పది ఉడతల హద్దు

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఏటా మే నెల నాలుగో శనివారం ఉడతల వేట మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగుతుంది. అనుమతి పత్రం తీసుకున్నవాళ్లు రోజుకు పది ఉడతల వరకు కొట్టుకోవచ్చు. మొత్తం మీద ఇరవైకి మించి దగ్గర ఉంచుకోకూడదు. అందుకు సొంత భూమి అక్కర్లేదు, భూస్వాముల పరిచయమూ అక్కర్లేదు. ఆ రాష్ట్రపు దక్షిణాన ఓజార్క్ కొండల మీద దాదాపు 15 లక్షల ఎకరాల్లో పరుచుకున్న మార్క్ ట్వేన్ జాతీయ అరణ్యంలోకి ఎవరైనా నడిచి వెళ్లవచ్చు. తెచ్చుకున్న ఉడతను వేపుడో పులుసో చేసుకుని తినవచ్చు గాని, ఆ మాంసాన్ని అమ్మడానికి వీల్లేదు. రాముడి చేతి చారలు వీపున మోస్తున్న ప్రాణి అని చిన్నప్పటి నుంచీ విన్న మనకు ఇదంతా వింతగానూ, కొంత క్రూరంగానూ తోస్తుంది. కానీ ఆ పది, ఆ ఇరవై, ఆ అమ్మకూడదన్న మాట ఊరికే పుట్టినవి కావు. లెక్కా పత్రం లేకుండా చంపడం, చంపినదాన్ని సంతలో అమ్ముకోవడం, జంతువు బతికే చెట్టును నరికేయడం, ఈ మూడూ అడవి ప్రాణులను తుడిచిపెడతాయని ఆ దేశం గట్టి దెబ్బ తిని తెలుసుకుంది. ఈ మూడింటికీ అడ్డుకట్ట వేస్తే వేట కూడా పంటకోత లాంటిదే అవుతుందనీ, ఆ సంగతి తేల్చి చూపడానికి ఉడత కంటే మంచి ఉదాహరణ లేదనీ నా అభిప్రాయం. గోడకు తగిలించుకోవడానికి దానికి కొమ్ములు లేవు. మాంసం అమ్ముకునే దారీ మూసేశారు. ఇక దాన్ని చంపడానికి మిగిలిన కారణం వంట ఒక్కటే.

ముందుగా ఆ ఉడత ఏదో చూడాలి. మన పెరట్లో తిరిగే చారల ఉడత వేరు, అక్కడ వేటాడే ఉడతలు వేరు. అక్కడ ముఖ్యంగా రెండు రకాలున్నాయి. బూడిద రంగు ఉడత అరకిలో అటూ ఇటూ తూగుతుంది. నక్క ఉడత అనే ఎర్రగోధుమ రంగుది ఇంకా పెద్దది, కిలో దాకా పెరుగుతుంది. డల్లాస్ లోనో న్యూజెర్సీ లోనో ఉంటున్న తెలుగువాళ్లు రోజూ పెరట్లో చూసేది వీటినే. ఇవి ఓక్, హికరీ, అక్రోటు చెట్ల కాయల మీద బతుకుతాయి. కాయలను ఒక్కొక్కటిగా నేలలో పాతిపెట్టి, చలికాలంలో తవ్వుకుని తింటాయి. తవ్వడం మరిచిన కాయలు మొలకెత్తుతాయి కాబట్టి ఆ అడవిని నాటేవాళ్లలో ఉడత కూడా ఉంది. చెట్టు విరగకాసిన ఏటి తర్వాత ఉడతలు పెరుగుతాయి, కాపు తప్పితే తగ్గుతాయి. 1967లో ఓక్ బాగా కాసి, మరుసటి ఏడు కాపు పోవడంతో అమెరికా తూర్పు రాష్ట్రాల్లో ఉడతలు గుంపులుగా కదిలి రోడ్ల మీద, చెరువుల్లో చచ్చాయి. మామూలు సంవత్సరాల్లో కూడా పుట్టిన పిల్లల్లో నాలుగింట మూడు వంతులు ఏడాది నిండకముందే ఆకలికో, డేగకో, జబ్బుకో పోతాయి. బదులుగా ఆడ ఉడత ఏడాదికి రెండు ఈతలు ఈనగలదు. ఇంత త్వరగా పుట్టి ఇంత త్వరగా పోయే జాతిలోంచి కొంత భాగం తీసుకున్నా మిగిలినవి ఆ లోటు పూడ్చుకుంటాయి. వేట నియమాలన్నీ ఆ కొంత భాగం ఎంత అన్న ప్రశ్నకు జవాబులే.

ఆ ప్రశ్న అడగని కాలం ఎలా ఉండేదో చరిత్రలో ఉంది. వలసవాదులు అడవి కొట్టి మొక్కజొన్న వేసినప్పుడు ఉడతలు చేల మీద పడ్డాయి. పెన్సిల్వేనియా వలస ప్రభుత్వం ఉడత తలకు మూడు పెన్నీల బహుమానం ప్రకటించింది. ఆ రోజుల్లో అక్కడ తిరుగుతున్న స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త పెహర్ కాల్మ్ రాసినదాన్ని బట్టి 1749లో ఖజానా నుంచి ఎనిమిది వేల పౌండ్లు వీటికే పోయాయి. అంటే ఆరు లక్షలకు పైగా ఉడతలన్నమాట. ఒహైయో రాష్ట్రం 1807లో పన్ను కట్టేవాళ్లు డబ్బుతో పాటు ఉడతల తలచర్మాలు కూడా అప్పజెప్పాలని చట్టమే చేసింది. ఇంత చంపినా ఉడతలు అంతరించలేదు. వాటిని నిజంగా కుంగదీసింది ఆ తర్వాత వచ్చిన గొడ్డలి. 19వ శతాబ్దం చివరికి తూర్పు అడవుల్లో చాలా భాగం కలపగా, పొలాలుగా మారిపోయి ఎన్నో చోట్ల ఉడత కనబడటమే అరుదైంది. అదే కాలంలో సంత కోసం సాగిన వేట ఇంకా ఘోరమైన పని చేసింది. ఆకాశాన్ని కప్పేసేంత గుంపులుగా ఎగిరిన ప్రయాణికుల పావురాలను రైళ్లకెత్తి నగరాల్లో అమ్మారు. వాటిలో చివరిది, మార్తా అని పేరు పెట్టిన పిట్ట, 1914 సెప్టెంబర్ 1న సిన్సినాటీ జంతుప్రదర్శనశాలలో చనిపోయింది. ఇంటి కుండ కోసం కొట్టేవాడి ఆకలికి ఒక హద్దు ఉంటుంది. సంతకు పంపేవాడికి ఆ హద్దు ఉండదు. ఎంత చంపితే అంత లాభం. ఈ తేడాను కళ్లారా చూశాక వచ్చిన నియమమే అడవి మాంసం అమ్మకూడదన్నది.

నియమాలు ఒక్క రోజులో రాలేదు. అక్రమంగా కొట్టిన జంతువులను రాష్ట్రాలు దాటించడాన్ని 1900 నాటి లేసీ చట్టం నేరం చేసింది. నరికి వదిలేసిన తూర్పు కొండలను కొని మళ్లీ అడవి పెంచే అధికారాన్ని 1911 నాటి వీక్స్ చట్టం కేంద్రానికి ఇచ్చింది. ఓజార్క్ కొండల మీది పైన్ చెట్లను కలప కంపెనీలు పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తుడిచిపెట్టాయి. ఆ బోడి నేలను 1930లలో ప్రభుత్వం కొని మొక్కలు నాటించింది. 1939లో ఏర్పడిన మార్క్ ట్వేన్ అరణ్యం అలా వచ్చిందే. మిస్సోరీ ప్రజలు 1936లో ఓటు వేసి, రాజకీయ నాయకుల చేతికి అందని వన్యప్రాణి సంరక్షణ సంఘాన్ని రాజ్యాంగంలోనే పెట్టుకున్నారు. మరుసటి ఏడాది కేంద్రం పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తెచ్చింది. దాని ప్రకారం రైఫిళ్లు, షాట్‌గన్లు, తూటాల మీద తయారీదారు కట్టే 11 శాతం పన్ను వన్యప్రాణుల పనికే రాష్ట్రాలకు వెళుతుంది. రాష్ట్రం విస్తీర్ణమెంత, వేట అనుమతి తీసుకున్నవాళ్లెందరు అన్న లెక్కన దాన్ని పంచుతారు. వీటన్నిటి వెనకా ఒక న్యాయసూత్రం ఉంది. అడవి జంతువు భూస్వామి సొత్తు కాదు, ప్రజలందరిదీ, ప్రభుత్వం దానికి ధర్మకర్త మాత్రమే అన్నది 1842 నుంచీ అమెరికా న్యాయస్థానాల తీర్పుల్లోంచి ఎదిగిన ఆలోచన.

ఈ సూత్రం విలువ ఇంగ్లండు చరిత్ర పక్కన పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది. అక్కడ శతాబ్దాల పాటు అడవి రాజుది, జింక ప్రభువుది. 1723 నాటి బ్లాక్ యాక్ట్ కింద ముఖానికి మసి పూసుకుని జింకల వేటకు వెళ్లినవాడికి ఉరిశిక్ష కూడా పడేది.  ఇప్పుడు అమెరికాలో దేశవ్యాప్తంగా 154 జాతీయ అరణ్యాలు, సుమారు 19 కోట్ల ఎకరాలు అటవీ శాఖ చేతిలో ఉన్నాయి. రాష్ట్ర నియమాలకు లోబడి వాటిలో చాలా భాగంలో వేటాడవచ్చు. జాతీయ ఉద్యానవనాల సంగతి వేరు, వాటిలో ఎక్కువ చోట్ల వేట నిషేధం. ప్రభుత్వ భూమి తక్కువగా ఉన్న టెక్సస్ లాంటి చోట పెద్ద జంతువుల వేటకు ప్రైవేటు భూమిని డబ్బు పోసి కౌలుకు తీసుకోవాల్సిన పరిస్థితి. ఉడత వేటకు ఇంత హంగు అక్కర్లేదు. ఒక పాయింట్ 22 రైఫిలో చిన్న షాట్‌గనో, అనుమతి పత్రం, తెల్లవారుజామున హికరీ చెట్టు కింద కదలకుండా కూర్చునే ఓపిక ఉంటే చాలు. అందుకే అక్కడ తరతరాలుగా పిల్లలు మొదట నేర్చుకునే వేట ఇదే, పేదవాడి వేటా ఇదే. ప్రజల భూమి లేకపోతే ఇది కూడా డబ్బున్నవాడి వినోదంగా మిగిలిపోయేది.

ఇక వంట. ఉడత మాంసం అమెరికాలో అడవి మనుషుల తిండి కాదు, ఆ దేశపు పాత వంటిళ్లలో భాగం. వర్జీనియాలోని బ్రన్స్‌విక్ కౌంటీవాళ్లు చెప్పే కథ ప్రకారం, 1828లో ఒక శాసనసభ్యుడి వేట బృందం కోసం జిమ్మీ మాథ్యూస్ అనే నల్లజాతి బానిస వంటవాడు ఉడతలు, వెన్న, ఉల్లిపాయలు, పాత రొట్టె వేసి పెద్ద కాగులో సన్నసెగన ఉడికించాడు. బ్రన్స్‌విక్ స్ట్యూ అన్న పేరు ఆ కూరదే. జార్జియాలోని బ్రన్స్‌విక్ పట్టణం అది తమదని వాదిస్తుంది. ఈనాడు అందులో కోడిమాంసం, టమాటా, మొక్కజొన్న, చిక్కుడు గింజలు వేస్తున్నారు. కూర పుట్టుక మీద రెండు ఊళ్లు పోట్లాడుకుంటున్నాయి గాని, వర్జీనియా కథను నమ్మితే ఆ రుచి సృష్టించినవాడికి తన సొంత ఒంటి మీదే హక్కు లేదు. ఈ వంట గురించి మాట్లాడేవాళ్లు ఆ సంగతి మరవకూడదు. అమెరికన్ ఇళ్లలో తరాలుగా వాడిన జాయ్ ఆఫ్ కుకింగ్ అన్న వంట పుస్తకం పాత ముద్రణల్లో ఉడత తోలు ఎలా తీయాలో బొమ్మ వేసి మరీ చూపించారు. ఫ్యాక్టరీ కోళ్లు చవకయ్యాకే ఈ మాంసం నగరాల పళ్లేల నుంచి పోయింది.

ఈ మాంసానికి కొన్ని లక్షణాలున్నాయి, వంట వాటిని బట్టే సాగాలి. కొట్టిన వెంటనే చల్లారకముందే తోలు తీయడం తేలిక. తోక మొదట్లో కోసి, తోకను కాలి కింద తొక్కిపట్టి వెనక కాళ్లు పట్టుకుని లాగితే చొక్కా విప్పినట్టు వచ్చేస్తుంది. ఆలస్యమైతే తోలు పట్టేస్తుంది, వెంట్రుకలు మాంసానికి అంటుకుని కడిగినా పోవు. పేగులు తీసి, త్వరగా చల్లబరచి, రెండు వెనక తొడలు, రెండు ముందు కాళ్లు, నడుము భాగం కలిపి ఐదు ముక్కలు చేస్తారు. అరకిలో ఉడతలో తినడానికి పనికొచ్చేది పావుకిలోకి మించదు. కొవ్వు దాదాపు ఉండదు కాబట్టి నూనో వెన్నో తోడు కావాలి. లేత ఉడతను మజ్జిగలో నానబెట్టి, ఉప్పు, మిరియాలపొడి కలిపిన గోధుమపిండిలో దొర్లించి ఇనుప మూకుడులో వేయిస్తారు. అడుగున మిగిలిన నూనెలోనే పిండి వేయించి పాలు పోసి చిక్కని గ్రేవీ చేసుకుంటారు. ముదురు ఉడత వేపుడుకు లొంగదు. దాన్ని గంటా గంటన్నర మూత పెట్టి మగ్గిస్తే గాని ఎముక వదలదు. అప్పుడు ఆ పులుసులో పిండి ఉండలు వేసి ఉడికిస్తారు. కౌజు పిట్టో కుందేలో వండిన చెయ్యి తిరిగినవాళ్లకు ఇందులో కొత్తేమీ ఉండదు. ఇంత శ్రమకు దక్కేది ఇంత కొంచెం మాంసం కాబట్టే, పారేయడానికి ఉడతను కొట్టడం నా దృష్టిలో నియమం తప్పడం కంటే పెద్ద తప్పు. తోకలు కూడా వృథా పోనక్కర్లేదు. విస్కాన్సిన్‌లో చేపల గాలాలు తయారుచేసే మెప్స్ కంపెనీ తినడం కోసం కొట్టిన ఉడతల తోకలను మాత్రమే పంపమని చెప్పి కొంటుంది.

ఈ వేట మీద వచ్చే అభ్యంతరాల్లో మొదటిది జాలిది, అది చిన్నది కాదు. అంత చిన్న ప్రాణిని చంపి పావుకిలో మాంసం తెచ్చుకోవడం ఏం న్యాయం అని అడగవచ్చు. శాకాహారి ఈ ప్రశ్న అడిగితే నా దగ్గర జవాబు లేదు. ఆయన పళ్లెం ఆయన మాటకు సాక్ష్యం. కోడికూర తినేవాళ్లు అడిగితే మాత్రం ఒకమాట చెప్పాలి. బ్రాయిలర్ కోడి ఆరేడు వారాలు షెడ్డులో, తన బరువును తానే మోయలేని ఒంటితో బతుకుతుంది. ఉడత తన చెట్టు మీద, తన కాలంలో, తన ఇష్టాన బతుకుతుంది. బాధ మొత్తం లెక్క వేస్తే రెండో చావు తక్కువ అన్యాయమైనదని నాకనిపిస్తుంది. గురి తప్పి గాయపడిన ఉడత చెట్టు తొర్రలో దూరి చావడం కూడా జరుగుతుంది, దాన్ని దాచకూడదు. అందుకే దూరం నుంచి ఆశపడి పేల్చకుండా తలకు గురి కుదిరేదాకా ఆగడం, దొరకనిదాన్ని వెతకడం వేటగాడి విధులు. ఈ విధుల్లో నేనొకటి కలుపుతాను. మే చివర మొదలయ్యే వేసవి వేటలో పాలిచ్చే తల్లులు కూడా పడే ప్రమాదం ఉంది. రెండో ఈత పిల్లలు గూళ్లలో ఉండేది ఆ వేసవిలోనే. చాలా రాష్ట్రాలు శరత్కాలంలోనే వేట మొదలుపెడతాయి. జాతి సంఖ్య తగ్గకపోవచ్చు, అయినా మిస్సోరీ కూడా ఆ దారి పట్టడం మేలు.

వేట ఉడతలను అంతం చేయదా అన్నది రెండో అభ్యంతరం. హద్దు లేకపోతే, అడవి లేకపోతే చేస్తుంది. అట్లాంటిక్ తీరాన డెల్మార్వా ద్వీపకల్పంలో నక్క ఉడతల ఉపజాతి ఒకటి అడవుల నరికివేతతో, వేటతో కుంచించుకుపోయి 1967లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. దాని వేటను ఆపారు, అడవిని కాపాడారు, కొత్త చోట్లకు తరలించారు. సంఖ్య ఇరవై వేల దాకా పెరిగాక 2015లో జాబితాలోంచి తీసేశారు. వేట నియమం అంటే తుపాకీకి ఇచ్చే అనుమతి ఒక్కటే కాదు, అవసరమైనప్పుడు తుపాకీని దించమనే అధికారం కూడా. ఇదే బూడిద ఉడత కథ ఇంగ్లండులో తలకిందులు. 1876లో అమెరికా నుంచి తెచ్చి ఛెషైర్‌లో వదిలాక అది పెరిగి, తాను మోసే వైరస్‌తోనూ తిండి పోటీతోనూ స్థానిక ఎర్ర ఉడతను చాలా చోట్ల నుంచి తరిమేసింది. అక్కడ దాన్ని ఎంత కొడితే, ఎంత తింటే అంత మంచిదంటారు. ఒకే జంతువుకు రెండు దేశాల్లో రెండు న్యాయాలు. ఏ చోట ఏ జంతువు ఎంత ఉందో లెక్క తెలిస్తేనే ఏది న్యాయమో తేలుతుంది.

ఆరోగ్యం గురించి కూడా సూటిగా మాట్లాడుకోవాలి. ఉడతల వల్ల అరుదుగా టులరేమియా అనే బాక్టీరియా జబ్బు సోకవచ్చు, పేలూ గోమార్లూ ఉంటాయి. తొడుగులు వేసుకుని కోయడం, కాలేయం మీద తెల్ల మచ్చలున్నదాన్ని పారేయడం, లోపలి దాకా బాగా ఉడికించడం తప్పనిసరి. మెదడు తినకూడదు. పశ్చిమ కెంటకీలో మెదడును క్షీణింపజేసే వ్యాధి సోకిన ఐదుగురికి ఉడత మెదడు తినే అలవాటు ఉందని 1997లో లాన్సెట్ పత్రికలో వైద్యులు రాశారు. ఆ లంకె రుజువు కాలేదు గాని, రుచి కోసం అంత ప్రమాదం అక్కర్లేదు. ఇంకా పెద్ద సంగతి సీసం. సీసపు గుళ్ల రవ్వలు మాంసంలో మిగులుతాయి, పేగులు తిన్న గద్దలకూ విషమవుతాయి. నీటి పక్షుల వేటలో సీసపు గుళ్లను దేశమంతటా 1991లోనే నిషేధించారు. కాలిఫోర్నియా 2019 జూలై నుంచి అన్ని వేటల్లోనూ ఆపేసింది. అడవి ప్రజలందరిదీ అన్నవాళ్లు దానిలో విషం చల్లే హక్కు తమదనలేరు. డబ్బు మాట కూడా అంతే. తూటాల పన్ను మీదే సంరక్షణ ఆధారపడితే, అడవి బాగు తుపాకుల అమ్మకాలకు కట్టుబడిపోతుంది. మిస్సోరీ 1976లో దీనికి మంచి జవాబు కనిపెట్టింది. వంద డాలర్ల కొనుగోలుకు పన్నెండున్నర సెంట్ల అమ్మకం పన్ను వన్యప్రాణులకు ఇవ్వడానికి ప్రజలు ఒప్పుకున్నారు. వేటాడనివాళ్లూ ఇస్తున్నారు కాబట్టి వాళ్లకూ అడిగే హక్కు వచ్చింది.

మరి మనకు ఇందులో పనికొచ్చేదేమిటి? అమెరికాలోని తెలుగువాళ్లు ఒకటి తెలుసుకోవాలి. ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం కేంద్ర చట్టం ప్రకారం నిషిద్ధం. వేట అనుమతి పత్రం ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, అయినా రాష్ట్ర నియమాలు విడిగా చూసుకోవాలి. నగరపు పార్కుల్లో, ఇంటి పెరట్లో ఇష్టం వచ్చినట్టు కొట్టవచ్చనుకోవడం పొరపాటు. ఇక ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఈ వేటను దిగుమతి చేసుకోమని నేను అనను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ తర్వాత మన దేశంలో రక్షిత జంతువుల వేట పూర్తిగా మూసుకుపోయింది. ఇక్కడి అడవి విస్తీర్ణానికీ జనాభాకూ అది సరైనదే. తరతరాలుగా అడవి మీద బతికిన చెంచుల లాంటివాళ్లకు కూడా 2006 అటవీ హక్కుల చట్టం తేనెనూ ఆకునూ ఇచ్చింది గాని వేటను మినహాయించింది. ఆ నష్టం ఎవరు భరించారో మనం గుర్తుంచుకోవాలి. కానీ నిషేధం ఒక్కటే అడవిని నిలపదు. ఏ అడవిలో ఏ జంతువు ఎన్ని ఉన్నాయో ఏటా లెక్కించి అందరికీ తెలిసేలా ప్రకటించడం, ఆ పనికి రాజకీయం అంటని సంస్థ, ఎవరూ మళ్లించలేని డబ్బు, అడవి అందరిదీ అన్న నమ్మకం, ఇలాంటివే మిస్సోరీ తన అడవి ప్రాణుల కోసం కట్టుకుంది. మన అడవుల్లో ఒక్క తూటా పేలకుండానే వీటన్నిటినీ మనం తెచ్చుకోవచ్చు, తెచ్చుకోవాలి.